మన్యం మీద మోపిన సిద్ధాంతాలు

రుషికొండ తీరంలో పెద్ద సదస్సు జరిగినా, విదేశీ అతిథులు వచ్చి హోటల్లో దిగినా స్వాగతానికి గిరిజన థింసా నృత్య బృందం రావాల్సిందే. ఆడవాళ్లు ఒకరి వీపు వెనక నుంచి ఒకరు చేతులు పెనవేసుకుని, ముందుకు వంగి లేస్తూ అడుగు కలుపుతారు. తుడుము, కిరిడి, మోరి మోగుతుంటాయి. అతిథులు వరస చివర చేరి నాలుగు అడుగులు వేస్తారు, ఫొటోలు దిగుతారు. మైకు పట్టుకున్నవారు వీళ్లని ప్రకృతి ఒడిలో పెరిగిన అమాయకులనీ, అనాది సంస్కృతిని కాపాడుతున్నవాళ్లనీ పరిచయం చేస్తారు. గౌరవంగానే చేస్తారు. కానీ అమాయకత్వం, అనాదితనం, లోకానికి దూరంగా బతకడం అన్న ఈ భావాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. మానవశాస్త్రం అనే చదువు నూటయాభై ఏళ్లకు పైగా వీటిని తయారుచేసింది, సరిదిద్దుకుంది, చాలావాటిని తప్పని ఒప్పుకుని వదిలేసింది. చదువు వదిలేసినవాటిని మన చట్టాలు, ఆఫీసు ఫైళ్లు, వేదికలు మాత్రం వదల్లేదు. దాని బరువు మోస్తున్నది కొండల్లో ఉన్నవాళ్లు. ఆ కథను మన ప్రాంతం నుంచే, విశాఖ కొండల నుంచే చెప్పుకోవచ్చు. అసలు ఇక్కడి నుంచి చెప్పుకుంటేనే అది స్పష్టంగా కనిపిస్తుంది.

విశాఖ సముద్రం వైపు తిరిగి ఉన్న నగరమే అయినా బతుకుతున్నది కొండల మీద. బైలాడిల్లా ఇనుప ఖనిజం కొత్తవలస - కిరండోల్ రైలు మార్గంలో అరకు, బొర్రా మీదుగా దిగి ఓడరేవుకూ ఉక్కు కర్మాగారానికీ చేరుతుంది. దామంజోడి నుంచి నాల్కో అల్యూమినా ఇదే రేవుకొచ్చి ఓడలెక్కుతుంది. మాచ్‌ఖండ్ కరెంటు కోసం పోర్జాలు, గదబలు ఊళ్లు వదిలారు. ఇంత దగ్గరి సంబంధం ఉన్న మనుషుల్ని దూరపువాళ్లుగా ఊహించుకోవడం ఎలా సాధ్యమైంది అన్నదే నా ప్రశ్న.

మొదలు 1830ల దగ్గర ఉంది. ఇప్పటి ఒడిశాలోని గుంసూరు జమీందారీ మీద కుంఫిణీ సైన్యం 1835 నుంచి 1837 వరకు యుద్ధం చేసింది. ఆ యుద్ధంలోనే ఖోండులతో తెల్లవారికి మొదటిసారి గట్టిగా తలపడాల్సి వచ్చింది. ఊళ్లు తగలబెట్టారు, నాయకుల్ని ఉరితీశారు. ఆ తర్వాత ప్రత్యేక కమిషనరు జార్జి రస్సెల్ సిఫార్సు మీద 1839లో 24వ నంబరు చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్ని మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, గవర్నరుకు ఏజెంటుగా కలెక్టరు చేతికిచ్చారు. పాడేరు బస్సెక్కే ప్రతివాడూ ఇప్పటికీ "ఏజెన్సీకి వెళ్తున్నా" అనడం ఆ చట్టం పుణ్యమే. మానవశాస్త్రం ఇంకా చదువుగా పుట్టకముందే, ఈ కొండల్లోని మనుషులు వేరే రకం, వీరికి వేరే పాలన కావాలి అన్న తీర్మానం కాగితం మీదికి వచ్చేసింది.

అదే సమయంలో ఖోండుల మేరియా బలి అధికారుల దృష్టిలో పడింది. భూదేవికి మనిషిని బలి ఇచ్చే ఆ ఆచారం ఉండేది, అది ఆగడం మంచిదే. దాన్ని అణచడానికి 1845లో ప్రత్యేకంగా మేరియా ఏజెన్సీ పెట్టారు, 1861 వరకు నడిపారు. మాక్‌ఫర్సన్, కాంప్‌బెల్ లాంటి సైనికాధికారులు రాసినవే ఖోండుల గురించి లోకానికి అందిన మొదటి వివరమైన రాతలు. వాటి పర్యవసానం చాలాకాలం ఉంది. వ్యవసాయం, వంశాలు, పంచాయితీలు, ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్న ఒక పెద్ద సమాజం తరాల తరబడి నరబలి ఒక్కదానితోనే పుస్తకాలకెక్కింది. ఫెలిక్స్ పాడెల్ 1995లో ఖోండుల మీద రాసిన పుస్తకంలో ఈ చరిత్రను తిరగేశారు. బలిని ఆపడానికి వచ్చామన్న సైన్యం ఎన్ని ప్రాణాలు తీసిందో, ఆ నైతిక పోరాటం చాటున కొండల మీద అధికారం ఎలా స్థిరపడిందో చూపించారు. మన వైపు సామంతులని పిలిచే ఖోండుల గురించి నేటికీ మొదటి వాక్యం బలితో మొదలుపెట్టే రచయితలు ఆ పుస్తకం చదవాలి.

ఇంగ్లండులో టైలర్ 1871లో, అమెరికాలో లూయీ హెన్రీ మోర్గాన్ 1877లో ప్రచురించిన గ్రంథాలు ఈ అనుభవాలన్నిటికీ ఒక నిచ్చెన అమర్చాయి. మనుషులంతా ఆటవిక దశ నుంచి అనాగరిక దశకు, అక్కడి నుంచి నాగరికతకు ఎక్కుతారనీ, కొందరు కింది మెట్టు మీద ఆగిపోయారనీ అన్నారు. అలా ఆగిపోయినవాళ్లని చూస్తే మన పూర్వీకుల్ని చూసినట్టేనని ఈ వాదం సారాంశం. అందులో తెలుగువారు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. మోర్గాన్ 1871లోనే ప్రపంచంలోని బంధుత్వ వ్యవస్థల మీద పెద్ద గ్రంథం వేశాడు. తమిళం, కన్నడంతో పాటు తెలుగు వావివరసలనూ పట్టికలుగా తెప్పించుకున్నాడు. తండ్రి అన్నదమ్ములు పెదనాన్న, చిన్నాన్న అవుతారు, వాళ్ల పిల్లలు మనకు తోడబుట్టినవాళ్లతో సమానం. మేనమామ పిల్లలు మాత్రం బావామరదళ్లు. న్యూయార్క్ రాష్ట్రంలోని సెనెకా ఆదివాసుల వావివరసలు మన వాటికి చాలా దగ్గరగా ఉండటం చూసి అతను ఆశ్చర్యపోయాడు. అమెరికా ఆదివాసులు ఆసియా నుంచి వచ్చారనడానికి దీన్ని రుజువుగా పెట్టాడు. ఆ రుజువు నిలవలేదు. బంధుత్వానికి ఒక లెక్క, ఒక అమరిక ఉంటుందన్న మాట మాత్రం నిలిచింది. 1981లో థామస్ ట్రాట్‌మన్ ద్రావిడ బంధుత్వం మీద రాసిన గ్రంథం దాని కొనసాగింపే. నన్ను ఆలోచనలో పడేసేది వేరే సంగతి. మోర్గాన్ నిచ్చెన ప్రకారం ఇలాంటి వావివరసలు ఎప్పటిదో అనాగరిక వివాహ పద్ధతికి మిగిలిన ఆనవాళ్లు. అంటే కోనసీమ అగ్రహారంలోని వేదపండితుడి ఇల్లూ, సెనెకాల ఇల్లూ ఆ లెక్కలో ఒకే మెట్టు మీద నిలబడాలి. ఆ సిద్ధాంతాన్ని నిజాయితీగా వర్తింపజేస్తే తెలుగువాళ్లంతా ఆదిమ జనమే. కొండలవాళ్లకు మాత్రమే దాన్ని తగిలించి మైదానంవాళ్లను వదిలేయడం చదువు చేసిన పని కాదు, అధికారం చేసిన పని.

కొలబద్ద యుగం తర్వాత వచ్చింది. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్, తన సహాయకుడు కె. రంగాచారితో కలిసి 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వెలువరించాడు. ముక్కు వెడల్పును బట్టి జాతినీ, సామాజిక స్థాయినీ చెప్పొచ్చని 1901 జనగణన కమిషనరు రిజ్లీ నమ్మాడు. అదే ధోరణిలో థర్‌స్టన్ కాలిపర్లు, కెమెరా, మైనపు గొట్టాల ఫోనోగ్రాఫు పట్టుకుని ఊరూరా తిరిగి తలలు, ముక్కులు కొలిచాడు. ఎదురైన భయాలను ఆయనే రాసుకున్నాడు. మలబారు పణియన్లు తమలో మంచి నమూనాల్ని ఎంచి, చర్మంలో గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతారని అనుకున్నారట. నీలగిరుల్లో పోలీసులకు కావలసిన ఒక ఇరుల మనిషి, ఎత్తు కొలిచే కర్రను చూసి ఉరికంబమనుకున్నాడట. థర్‌స్టన్ వీటిని సరదా సంగతులుగా చెప్పాడు. నాకైతే ఆ మనుషులే పరిస్థితిని సరిగ్గా అర్థం చేసుకున్నారనిపిస్తుంది. బొమ్మగా మారిపోతామన్న వాళ్ల భయం తప్పు కాలేదు. ఇవాళ రాష్ట్రంలో ఎన్ని గిరిజన మ్యూజియాలున్నాయో, వాటిలో ఎన్ని ప్లాస్టర్ బొమ్మలున్నాయో చూస్తే తెలుస్తుంది.

అయినా ఆ ఏడు సంపుటాలు పనికిరానివని అనను. అందులో జాలరి తర్వాత కొద్ది పేజీలకే జాతాపు వస్తారు, అకారాది క్రమంలో. రుషికొండలో వల వేసేవాళ్లూ, పార్వతీపురం కొండల్లో పోడు చేసేవాళ్లూ ఒకే సంపుటిలో ఉన్నారు. కులం, తెగ అన్న గోడ అప్పటికి ఇంత గట్టిపడలేదు. ఆ గోడ కట్టింది పాలన. 1871లో ఉత్తరాదిన తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగి వ్యాపారం చేసుకునే ఎరుకలవారిని రైళ్లు, ఉప్పు విధానం కలిసి రోడ్డున పడేశాయి. తర్వాత వాళ్లనే పుట్టుకతో నేరస్థులని ముద్రవేసి స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లకు తరలించారు. మీనా రాధాకృష్ణ 2001 పుస్తకం ఈ సంగతిని పత్రాలతో సహా రుజువు చేసింది. చట్టం 1952లో పోయింది. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడి చూపు మారడం పోలేదు.

థర్‌స్టన్ తలలు కొలుస్తున్న ఆ ఏళ్లలోనే, విశాఖకు ఉత్తరాన పర్లాకిమిడిలో ఒక బడిపంతులు వేరే పని చేస్తున్నాడు. వ్యావహారిక భాషోద్యమానికి పేరుగాంచిన గిడుగు వెంకట రామమూర్తిని తెలుగువాళ్లం ఏటా ఆగస్టు 29న తలుచుకుంటాం. ఆయన జీవితంలో సగం సవరలదని మాత్రం అంతగా గుర్తుండదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, దానికి మింగిన క్వినైనుతో చెముడు తెచ్చుకున్నారు. సవర మాటల్లో గొంతులో ఆగి విడిచే ధ్వనులుంటాయి. తెలుగు లిపిలో వాటికి చోటు లేదు. చెవి పోతున్న మనిషి అంతటి సూక్ష్మమైన ధ్వనుల్ని పట్టుకుని రాయడానికి ఎంత కష్టపడి ఉంటాడో ఊహించుకోవాల్సిందే. సవరలో వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు తానే జీతాలిచ్చారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర - ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. కొడుకు సీతాపతి ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు.

గిడుగును మానవశాస్త్రవేత్త అని ఎవరూ అనరు. నేను అంటాను. మనుషుల్ని అర్థం చేసుకోవాలంటే వాళ్ల మధ్య ఉండి వాళ్ల భాషలో వినాలన్నది మలినోవ్‌స్కీ 1922 పుస్తకంతో ఈ చదువుకు మూలసూత్రమైంది. అంతకు చాలా ముందే పర్లాకిమిడిలో అది ఆచరణలో ఉంది. ఒక భాష మాట్లాడేవాళ్ల చదువు అదే భాషలో సాగాలన్న పట్టుదల తెలుగు విషయంలోనూ, సవర విషయంలోనూ ఆయనకు ఒకటే. గ్రాంథికవాదులతో ఆయన చేసిన యుద్ధాన్నీ, సవర బడినీ విడదీసి చూడటం వల్లే మనం ఆయనను సగమే అర్థం చేసుకున్నాం. నిచ్చెన మీద ఏ మెట్టు అని అడిగినవాళ్లకు సవరలు ఆదిమ జనంగా కనిపించారు. ఏం మాట్లాడుతున్నారని అడిగినవాడికి వ్యాకరణమున్న భాష వినిపించింది. తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో అరకు వైపు కొండదొరల కూబి భాష మీద వెలువరించిన గ్రంథం ఈ దారిలోదే.

ఇవన్నీ జరుగుతున్నప్పుడు కొండల్లోని మనుషులు ఊరుకోలేదు. 1879లో రంప లేచింది. కల్లు మీద చిగురుపన్ను, మన్సబుదారు దోపిడీ, మైదానం షావుకార్లు కోర్టు డిక్రీలతో పశువుల్ని తోలుకుపోవడం, పోలీసుల వేధింపు దానికి కారణాలు. కారం తమ్మన్న దొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటివాళ్లు నడిపించారు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడును నేరం చేసింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగా ఇవ్వకుండా ఘాట్ రోడ్డు పనులు చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటం దొర, మల్లు దొరల దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. ఈ తిరుగుబాట్లు ఒక ప్రశ్న వేశాయి. కాలంలో ఆగిపోయారని చెప్పిన మనుషులు పన్ను, కోర్టు, అడవి, కూలి అనే ఆధునిక విషయాల మీద ఇంత స్పష్టంగా ఎలా పోరాడుతున్నారు? అప్పటి మానవశాస్త్రం దగ్గర జవాబు లేదు. 1982లో డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం-రంప తిరుగుబాట్ల మీద రాసిన వ్యాసం 1839 నుంచి 1924 దాకా వాటిని ఒకే గొలుసుగా చూపించింది. చరిత్రకారులు వచ్చి ఆ లోటు పూడ్చారు. సీతారామరాజు ఒక్కరినే నిలబెట్టి గాం సోదరుల్నీ, ముఠాదార్లనీ వెనక్కి నెట్టే మన సినిమాలు, విగ్రహాలు ఆ లోటును మళ్లీ తెస్తున్నాయి.

ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్న మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. వియన్నాలో 1909లో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి జర్మన్ పాస్‌పోర్టుతో ఇండియాలో ఉన్నాడు. శత్రుదేశస్థుడిగా లెక్కగట్టి అతని తిరుగుడును నైజాం రాజ్యానికి పరిమితం చేశారు. దానివల్ల తెలుగు నేలకు మేలు జరిగింది. భార్య బెట్టీతో కలిసి నల్లమలలో చెంచుల దగ్గర ఉండి 1943లో ఒక పుస్తకం, పాపికొండల కొండరెడ్ల మీద 1945లో మరొకటి, ఆదిలాబాదు రాజగోండుల మీద 1948లో ఇంకొకటి వేశాడు. చెంచుల పుస్తకంలో ఇంకా వియన్నా చదువు వాసన ఉంది. వేట, దుంపల తవ్వకంతో బతికేవాళ్లని చాలా పాత కాలపు సంస్కృతికి నిలిచిన పొరగా చూశాడు. ఆదిలాబాదు చేరేసరికి ఆ చూపు నిలవలేదు. గోండులకు రాజులున్నారు, కోటలున్నాయి, వంశగాథలు పాడే పర్ధానులున్నారు. ఆదిమ దశ అన్న పెట్టెలో వాళ్లు పట్టలేదు.

అతను వెళ్లేసరికి గోండుల గాయం పచ్చిగా ఉంది. జల్, జంగల్, జమీన్ కోసం నిలబడ్డ కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నైజాం పోలీసుల కాల్పుల్లో పోయాడు. ఎందుకిలా జరిగిందో తెలుసుకోమని నైజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను అడిగింది. భూములు ఎలా చేతులు మారాయో, రిజర్వు అడవి గీతలు ఊళ్ల మీదుగా ఎలా సాగాయో అతను నివేదికల్లో రాశాడు. మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ మొదలైంది, గోండి వాచకాలు వచ్చాయి, వేల కుటుంబాలకు పట్టాలందాయి. తర్వాత వచ్చిన గిరిజన ప్రాంతాల నిబంధనల్లో అతని చెయ్యి ఉంది. 1945లో దక్కన్ ఆదివాసీ తిరుగుబాట్ల మీద రాసిన వ్యాసంలో రంపనూ భీంనూ పక్కపక్కన పెట్టి, భూమి పోవడమే మూలమని తేల్చాడు. ఒక రాజ్యం తిరుగుబాటును చల్లార్చడానికి నియమించుకున్న పండితుడు అతను, అది మరిచిపోకూడదు. అయినా పండితుడు తన చదువును మనుషుల భూమికి సాక్ష్యంగా వాడిన సందర్భం మన దగ్గర అంతకు ముందు లేదు. బెట్టీ 1987లో చనిపోతే సమాధి మార్లవాయిలోనే కట్టారు. గోండులు ఇప్పటికీ ఆ ఇద్దరినీ తలుచుకుంటారు. ముప్పై ఏళ్ల తర్వాత తిరిగొచ్చి 1982లో అతను రాసిన పుస్తకం మాత్రం దుఃఖంతో నిండి ఉంటుంది. ఇచ్చిన పట్టాల భూములే మళ్లీ చేజారడం కళ్లారా చూశాడు. ఇక కొండరెడ్ల పుస్తకంలోని గోదావరి ఒడ్డు పోలవరం ముంపులో పడింది.

1940ల్లోనే ఢిల్లీ, బొంబాయిల్లో పెద్ద వాదం నడిచింది. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1939లో మధ్య భారతంలోని బైగాలకు రక్షిత ప్రాంతం లాంటిది కావాలన్నాడు. జి.ఎస్. ఘుర్యే 1943లో, వీళ్లు వేరే జనం కాదు, వెనకబడ్డ హిందువులే, కలుపుకోవాలన్నాడు. ఠక్కర్ బాపా సేవా మార్గం కూడా కలుపుకోవడం వైపే మొగ్గింది. ఎల్విన్ తర్వాత తన మాట సవరించుకున్నాడు. నెహ్రూ ఎల్విన్ పుస్తకానికి ముందుమాట రాస్తూ ఆదివాసుల విషయంలో పాటించాల్సిన పంచశీల ప్రతిపాదించాడు. అందులో భూమి, అడవి హక్కుల్ని గౌరవించాలన్నదే మనకు ముఖ్యం. ఈ వాదాన్ని మ్యూజియమా, విలీనమా అన్న రెండు ముక్కల్లో చెప్పుకోవడం అలవాటైపోయింది. రెండు పక్షాలూ ఒక విషయంలో ఒక్కటే: ఆదివాసుల్ని ఏం చెయ్యాలో తేల్చేది బయటివాళ్లే. రాజ్యాంగ సభలో జైపాల్ సింగ్ ముండా ఒక్కడు లేచి, ప్రజాస్వామ్యం మీరు మాకు నేర్పక్కర్లేదని గట్టిగా చెప్పాడు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ భావాలన్నీ వచ్చి జాబితాలో స్థిరపడ్డాయి. 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డు తెగ అనిపించుకోవడానికి గుర్తులు చెప్పింది: ఆదిమ లక్షణాలు, విలక్షణ సంస్కృతి, భౌగోళికంగా విడిగా ఉండటం, బయటివారితో కలవడానికి బిడియం, వెనకబాటు. టైలర్ నిచ్చెనను విశ్వవిద్యాలయాలు వదిలేశాయి, తల కొలతలను అమెరికాలో ఫ్రాంజ్ బోయస్ 1911లోనే దెబ్బతీశాడు. అయినా ఒక కొత్త సమూహాన్ని చేర్చాలంటే ఢిల్లీ నేటికీ చూసేది ఈ గుర్తుల్నే. 1975 తర్వాత ఆదిమ తెగలు అన్న ఉప జాబితా వచ్చింది. ఖోండులు, పోర్జాలు, గదబల్లో కొన్ని శాఖలు, చెంచులు, కొండరెడ్లు, కొండసవరలు అందులో చేరారు. 2006లో పేరులోంచి ఆదిమ అన్న మాట తీసేసి అత్యంత దుర్బల సమూహాలన్నారు. కొలత మాత్రం మారలేదు.

రుషికొండ తీరంలోని జాలరుల సంగతి ఇక్కడ చూడాలి. వాళ్లు, వాడబలిజలు బీసీ జాబితాలో ఉన్నారు. తీరం హోటళ్లకు, రేవుకు, ఐటీ పార్కుకు పోతుంటే మత్స్యకారులు ఎస్టీ హోదా అడుగుతున్నారు. విశాఖ జాలరిపేటలో ఏళ్ల తరబడి పరిశోధన చేసిన ఛార్లెస్ నకోల్స్ 1996 నాటి పుస్తకంలో, జబ్బు చేసినా, వలకు చేప పడకపోయినా జాలరులు ఏ అమ్మవారి కోపం, ఏ బంధువుల తగాదా కారణమని ఎంత తర్కంగా వెతుకుతారో రాశాడు. లోతైన మనస్తత్వం, పదునైన వాదన ఉన్న మనుషులు అందులో కనిపిస్తారు. ఇప్పుడు హోదా కావాలంటే వాళ్లు నిరూపించుకోవాల్సింది ఆదిమ లక్షణాలను, బిడియాన్ని! తెల్లారేసరికి వేలంపాట పాడి చేప అమ్మే ఆడమనిషి బిడియస్తురాలని ఏ అధికారి ముందు చెప్పగలదు? తీరం పోతోందన్నది ఆమె కష్టం. దాన్ని రాయడానికి ఫారంలో గడి లేదు. బోయలను ఎస్టీల్లో చేర్చాలని శాసనసభ 2017లోనూ 2023లోనూ తీర్మానాలు చేసింది. లంబాడాలను 1976లో తెలంగాణలో ఎస్టీల్లో చేర్చినప్పటి నుంచి గోండులకూ వాళ్లకూ మధ్య తగాదా రగులుతూనే ఉంది. పేదల్ని పేదల మీదికి ఉసిగొల్పే ఈ పోటీల్లో మానవశాస్త్రవేత్తను పిలిచి, ఎవరు ఎంత ఆదిమమో తేల్చమంటున్నారు. వందేళ్ల కిందటి కాలిపరును మళ్లీ చేతికివ్వడం తప్ప ఇది మరొకటి కాదు.

కోర్టుల్లోనూ రెండు చూపులూ పెనుగులాడాయి. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో ఒక వ్యక్తేననీ, షెడ్యూల్డు ప్రాంత భూమిని గిరిజనేతరుల గనులకు ఇచ్చే అధికారం దానికీ లేదనీ చెప్పింది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే, జనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునే చట్టానికి అంతకుమించిన బలం ఎన్నడూ రాలేదు. ఆ తీర్పు ఆదివాసుల్ని భూమికి హక్కుదారులుగా చూసింది. 2020 ఏప్రిల్ 22న అదే కోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఏజెన్సీ టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 3వ నంబరు జీవోను కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదన్నది న్యాయవాదం, దానిమీద ఎవరైనా వాదించుకోవచ్చు. కానీ అదే తీర్పులో, వాళ్ల ఆదిమ జీవన విధానం ప్రధాన స్రవంతితో కలవనివ్వదన్న అర్థంలో మాటలున్నాయి. వాళ్లని మానవ జంతుప్రదర్శనశాలగా చూడకూడదన్న మాట కూడా ఉంది. మంచి ఉద్దేశంతోనే అన్నారనుకుందాం. 1871 నాటి నిచ్చెన 2020లో దేశపు అత్యున్నత న్యాయస్థానం భాషలో ఉండటం నన్ను కలవరపెడుతుంది. ఏజెన్సీ బడిలో గూడెం పిల్లవాడి భాష తెలిసిన పంతులు ఉండాలన్నది గిడుగు నూరేళ్ల కిందటే గ్రహించిన సంగతి.

అంతర్జాతీయంగా పరిస్థితి మారింది. 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితి మూలవాసుల హక్కుల ప్రకటన చేసింది. ఇండియా అనుకూలంగా ఓటేసింది, మా దేశంలో అందరూ మూలవాసులేనన్న వైఖరి మాత్రం వదల్లేదు. మన పండితుల్లోనూ తేడాలున్నాయి. వేల ఏళ్ల వలసల దేశంలో మొదటివారెవరో చెప్పలేమని ఆంద్రే బెతేయ్ 1998లో వాదించారు. మూలవాసులన్న మాట కాలానుక్రమం గురించి కాదు, భూమి, అధికారం ఎవరు కోల్పోయారన్నదాని గురించి అని వర్జీనియస్ ఖాఖా 1999లో చెప్పారు. 2003లో ఆడమ్ కూపర్, మూలవాసులన్న భావన పాత ఆదిమ సమాజం భావనకే కొత్త వేషమని హెచ్చరించాడు. కూపర్ హెచ్చరికలో నిజముంది, రుషికొండ వేదిక మీద ఆ పాత భావనే మాట్లాడుతుంది. అయినా నేను ఖాఖా వైపే ఉంటాను. మన కొండల్నే చూడండి. సవర, గుతోబ్ గదబ భాషలు ముండా కుటుంబానివి, వాటి దూరపు చుట్టాలు ఆగ్నేయాసియాలో ఉన్నాయి. ఖోండుల కువి, కొండదొరల కూబి మన తెలుగుకు తోబుట్టువులు. వాల్మీకులు, కొటియాలు తర్వాత కొండెక్కినవాళ్లని చెప్పే సంప్రదాయాలున్నాయి. ఎవరు ముందొచ్చారన్న పోటీ పెడితే ఈ సంతలో ఎవరికీ న్యాయం జరగదు. ఏ కొండ ఎవరి పోడు, ఏ వాగు ఎవరిది, ఏ చింతచెట్టు ఏ ఇంటిది అని అడిగితే ప్రతి గూడెంలోనూ జవాబుంది.

2006 అటవీ హక్కుల చట్టం అడిగింది ఆ ప్రశ్ననే. దాని నిబంధనల్లో 13వది హక్కుకు ఏవి సాక్ష్యాలో చెబుతుంది. ప్రభుత్వ రికార్డులు, సమాధులు, పాత ఊరి ఆనవాళ్లతో పాటు, భారత మానవశాస్త్ర సర్వేక్షణ లాంటి సంస్థలు ఆచారాల మీద చేసిన అధ్యయనాలనూ అందులో పేర్కొన్నారు. థర్‌స్టన్, హైమన్‌డార్ఫ్ లాంటివాళ్ల రాతలు ఎంత దోషమున్నవైనా, ఫలానా కొండ మీద ఫలానా జనం అప్పటికే ఉన్నారని చూపడానికి ఇప్పుడు గ్రామసభ వాటిని తన ఫైల్లో పెట్టుకోవచ్చు. అదే నిబంధనలో ఇంకో సాక్ష్యం ఉంది: హక్కుదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాసిపెట్టిన వాంగ్మూలం. గ్రంథాలయంలోని మానవశాస్త్రానికీ, గూడెంలోని ముసలాయన మాటకూ చట్టం ఒకే వరసలో చోటిచ్చింది. ఒడిశాలోని నియమగిరిలో 2013లో 12 గ్రామసభలు ఆ మాట బలంతోనే బాక్సైట్ గనిని తిరస్కరించాయి. విశాఖ మన్యంలో జెర్రెల, గాలికొండ, రక్తకొండల మీద అదే ఖనిజం ఉంది. అక్కడి గూడేల్లో తీర్మానాలు రాసుకుంటున్న కుర్రాళ్లలో ఆంధ్రా యూనివర్సిటీలో చదివొచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లు తమ తాతల మాటలు రాసుకుంటున్నారు.